కంటి చదువులో మన పిల్లలు ఎక్కడ వెనకబడుతున్నారు?



ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న హాస్టల్ పిల్లవాడిని "ఏమవుతావురా?" అని అడిగితే ఒకటే జవాబు వస్తుంది. డాక్టర్. ఆ సీటు రాకపోతే ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు మన ఇళ్ళలో ఉండరు. కూలికి పోయే అమ్మానాన్నలకు కోర్సుల పేర్లు ఎలా తెలుస్తాయి? ఎవరో ఒక అన్న చెప్పాడని, ఎవరో ఒక సారు చెప్పాడని నర్సింగ్‌కో, ఫార్మసీకో, ల్యాబ్ టెక్నీషియన్‌కో పోతాం. మాలో కొందరం అలాగే ఆప్టోమెట్రీకి పోయాం. ఊళ్ళో ఎవరైనా అడిగితే "కళ్ళద్దాల చదువు" అని చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు మాలో కొందరం కంటి ఆస్పత్రుల్లో, కొందరం అద్దాల షాపుల్లో పనిచేస్తున్నాం. ఒకరిద్దరం పాఠాలు చెబుతున్నాం.

వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని కమిటీవాళ్ళు అడిగినప్పుడు "కష్టపడితే సాధించలేనిది లేదు" అనే వ్యాసం మాత్రం వద్దనుకున్నాం. అలాంటివి ప్రతి సంచికలో నాలుగైదు ఉంటాయి. మన పిల్లలు కష్టపడటంలో ఎప్పుడూ తక్కువ లేరు. ఈ కోర్సులో వాళ్ళు వెనకబడేది తరగతి గదిలో కాదు, పేషెంటు ముందు. అందులోనూ చివరి ఏడాది, ఇంటర్న్‌షిప్‌లో. మూడేళ్ళు అందరితో సమానంగా, ఒక్కోసారి అందరికంటే ముందు నడిచిన పిల్లలు ఆ ఒక్క ఏడాదిలో జారిపోతున్నారు. అది వాళ్ళ తెలివి లోపం కాదు, ఏర్పాట్ల లోపం. ఆ మాట చెప్పడానికే ఈ వ్యాసం.

ఈ కోర్సు గురించి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బి.ఆప్టోమ్ నాలుగేళ్ళ చదువు. మూడేళ్ళు పాఠాలు, నాలుగో ఏడాది ఇంటర్న్‌షిప్. ఆపరేషన్ చేసేది కంటి డాక్టరు. చూపు ఎంతుందో కొలిచి, అద్దాల నంబరు తేల్చి, కంట్లో జబ్బు ఆనవాళ్ళు పట్టి డాక్టరు దగ్గరికి సకాలంలో పంపేది ఆప్టోమెట్రిస్టు. 1985లో చెన్నైలో శంకర నేత్రాలయ ఆధ్వర్యాన ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ వచ్చింది. 1990లో హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి సంస్థలో బాష్ అండ్ లాంబ్ పేరున స్కూలు వచ్చింది. ఇక 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద డిప్లొమా చేసిన ఆప్తాల్మిక్ అసిస్టెంట్లు ప్రభుత్వ ఆస్పత్రుల్లో పనిచేస్తూ వచ్చారు. మన ఊళ్ళలో "కంటి సారు" అంటే చాలామందికి ఆయనే.

ఈ పని ఎవరికి అవసరం? మన ఇళ్ళకే. 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్‌లోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ ఎల్.వి.ప్రసాద్ సంస్థవాళ్ళు 10,293 మంది కళ్ళు పరీక్షించి పెద్ద సర్వే చేశారు. ఆ లెక్క ప్రకారం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 1.84 మంది అంధులు. వాళ్ళలో 44 శాతం మందికి కారణం శుక్లం. 16.3 శాతం మందికి దృష్టి దోషం. అంటే చూపు లేదనుకున్న ప్రతి ఆరుగురిలో ఒకరికి ఆపరేషన్ అక్కర్లేదు, మందు అక్కర్లేదు, సరైన అద్దాలు చాలు. జత అద్దాలు లేక మనిషి గుడ్డివాడి కింద లెక్కకు వచ్చాడు. ఆ మాట మొదటిసారి క్లాసులో విన్నప్పుడు మాకందరికీ మన వాడల్లో గోడ పట్టుకుని నడిచే ముసలివాళ్ళు గుర్తొచ్చారు.

ఇంకొక లెక్క కూడా చెప్పాలి. 2017లో అసోం టీ తోటల్లో 40 ఏళ్ళు దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలిచ్చి చూశారు. అద్దాలు లేనివారికంటే వాళ్ళు కోసిన ఆకు దాదాపు 22 శాతం ఎక్కువ పెరిగింది. చత్వారం వచ్చిందని మన అమ్మలు సూదిలో దారం ఎక్కించడం మానేస్తారు, బియ్యంలో రాళ్ళు ఏరడం కోడలికి అప్పగిస్తారు. దాన్ని వయసు అంటారు తప్ప, కూలి తగ్గడానికి అదీ ఒక కారణమని ఎవరూ లెక్కవెయ్యరు.

అవసరం ఇంత ఉంది. మరి ఆ పనికి మనుషులను ఎలా తయారుచేస్తున్నాం?

మాలో కొందరం చదివిన ఒక కాలేజీ సంగతి చెబుతాం. పేరు అనవసరం, అలాంటివి చాలా ఉన్నాయి. నలభై మందికి ఒక స్లిట్ ల్యాంప్. దాని మీద ఎప్పుడూ గుడ్డ కప్పి ఉండేది. తనిఖీవాళ్ళు వచ్చిన రోజు గుడ్డ తీసేవాళ్ళు. పేషెంట్లు ఉండరు కాబట్టి మేమే ఒకరి కళ్ళు ఒకరం పరీక్షించుకునేవాళ్ళం. మూడో ఏడాదికి వచ్చేసరికి క్లాసులో ఎవరి నంబరు ఎంతో అందరికీ కంఠతా వచ్చేసింది. కన్ను చూడకుండానే రికార్డు రాసేవాళ్ళు కూడా తయారయ్యారు. పందొమ్మిదేళ్ళ కుర్రవాళ్ళ కళ్ళల్లో ఏముంటుంది? శుక్లం ఉండదు, నీటికాసులు ఉండవు, షుగరు వల్ల పాడైన రెటీనా ఉండదు. నాలుగేళ్ళ పాప ఏడుస్తుంటే మెల్లకన్ను ఎలా కొలవాలో తోటి విద్యార్థి మీద నేర్చుకోలేం.

ఇక్కడ ఒక్క పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. రెటినోస్కోపీ. చేతిలో పట్టే చిన్న పరికరంతో పేషెంటు కంటిపాప మీద సన్నని వెలుగు గీత వేస్తాం. దాన్ని అటూ ఇటూ కదిపితే కంటిపాపలో ఎర్రటి వెలుగు కదులుతుంది. మన గీత వెంటే కదిలితే ప్లస్ అద్దం పెడతాం, ఎదురు కదిలితే మైనస్ అద్దం పెడతాం. కదలిక ఆగి కంటిపాప మొత్తం ఒక్కసారిగా వెలిగేదాకా అద్దాలు మారుస్తాం. ఎంత దూరంలో కూర్చున్నామో ఆ దూరానికి తగిన లెక్క తీసివేస్తే నంబరు వస్తుంది. 66 సెంటీమీటర్లయితే ఒకటిన్నర డయాప్టర్. తెలియకుండా ముందుకు వంగి 50 సెంటీమీటర్లకు వచ్చామంటే రెండు డయాప్టర్లు తియ్యాలి. ఆ సంగతి గమనించకపోతే నంబరు అర డయాప్టర్ తప్పుతుంది. పుస్తకంలో ఇది రెండు పేజీలు. చేతికి రావడానికి వందల కళ్ళు కావాలి. మొదటి యాభై కళ్ళల్లో వెలుగు ఎటు కదిలిందో కూడా తెలియదు. పక్కన టీచరు నిలబడి, తానూ అదే కన్ను చూసి, "కాదు, మళ్ళీ చూడు" అంటే తప్ప రాదు.

ఆటో రిఫ్రాక్టోమీటర్ మిషన్ ఉంది కదా, మీట నొక్కితే చీటీ వస్తుంది కదా అంటారు. వస్తుంది. కానీ పిల్లల విషయంలో ఆ చీటీని నమ్మితే కొంపలు మునుగుతాయి. పిల్లల కంటికి దగ్గరికి సర్దుకునే శక్తి ఎక్కువ. మిషన్‌లోకి చూస్తున్నప్పుడు కన్ను బిగుసుకుంటుంది, లేని మైనస్ చూపిస్తుంది. చుక్కల మందు వేసి, రెటినోస్కోపీ చేసి చూస్తే ఆ మైనస్ సగం మాయమవుతుంది, ఒక్కోసారి ప్లస్ అని తేలుతుంది. పైగా మంచం దిగలేని ముసలమ్మకు మిషన్ పనికిరాదు, కరెంటు లేని తండాలో పనికిరాదు, గడ్డం ఆనించి కుదురుగా కూర్చోలేని మానసిక వికలాంగ బిడ్డకు పనికిరాదు. అక్కడ పనికొచ్చేది రెటినోస్కోప్ పట్టడం తెలిసిన చెయ్యి ఒక్కటే. మనం ఎవరి మధ్య నుంచి వచ్చామో వాళ్ళకు కావలసింది ఆ చెయ్యే.

కాలేజీలో ఇది రాకపోతే డబ్బున్న పిల్లలు వేరే దారి చూసుకుంటారు. సొంత రెటినోస్కోప్ కొనుక్కుంటారు. నాన్న స్నేహితుడి ఆస్పత్రిలో సాయంత్రాలు కూర్చుంటారు. సెలవుల్లో పెద్ద సంస్థలో శిక్షణకు ఫీజు కట్టి పోతారు. హాస్టల్ పిల్లవాడికి ఆ దారులు లేవు. తెలంగాణలో 2024 నవంబరులో డైట్ చార్జీలు 40 శాతం పెంచారు. ఇంటర్, ఆ పై చదువులవారికి 1,500 ఉన్నది నెలకు 2,100 రూపాయలైంది. సంతోషమే. కానీ మంచి రెటినోస్కోప్ ఒకటి కొనాలంటే అలాంటి మెస్ బిల్లులు ఎన్నో నెలలవి పెట్టాలి. కాబట్టి కాలేజీ శిక్షణ అరకొరగా ఉంటే అందరికీ సమానంగా నష్టం జరగదు. కాలేజీ తప్ప మరో దిక్కులేనివాడికే నష్టం. ప్రాక్టికల్స్ బాగుండాలని అడగడం చదువులో నాణ్యత కోసం మాత్రమే కాదు, సామాజిక న్యాయం కోసం కూడా. రిజర్వేషన్ సీటు దాకా తీసుకుపోతుంది. సీట్లో కూర్చున్నాక చేతికి పని రాకపోతే ఆ సీటుకు అర్థమేముంది?

ఇక నాలుగో ఏడాది సంగతి. పేషెంట్లు ఎక్కువగా వచ్చే ఆస్పత్రులు పట్నంలో ఉంటాయి. హాస్టల్ జిల్లాలో ఉంటుంది. పట్నంలో గది అద్దె, అడ్వాన్సు, బస్సు పాసు, రెండు పూటల తిండి, వేసుకోవడానికి తెల్ల కోటు, నల్ల బూట్లు. ఇంటర్న్‌కు ఆస్పత్రి ఇచ్చేది కొన్ని చోట్ల కొంచెం, కొన్ని చోట్ల సున్నా. ఇచ్చినా ఒక చిక్కు ఉంది. 2010లో సవరించిన కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల్లో ఒక వాక్యం ఉండేది. ప్రాక్టికల్ శిక్షణ కాలంలో ఏదైనా స్టైపెండ్ అందుకుంటుంటే స్కాలర్‌షిప్‌కు అర్హత లేదని దాని సారాంశం. ఎంత స్టైపెండ్ అని అడగదు. ఆ వాక్యం రాసిన వాళ్ళ మనసులో ఎం.బి.బి.ఎస్. హౌస్ సర్జన్ ఉండి ఉంటాడు. బస్సు చార్జీలకు చాలని డబ్బులు చేతిలో పెట్టుకుని నిలబడ్డ ఆప్టోమెట్రీ ఇంటర్న్ ఉండడు.

అప్పుడు మన పిల్లవాడు ఏం చేస్తాడు? పట్నం పోడు. సొంత ఊరికి దగ్గర్లో ఏ అద్దాల షాపులోనో చేరతాడు. షాపువాడు మంచివాడే, భోజనం పెడతాడు, నెలకు ఎంతో కొంత ఇస్తాడు, లాగ్ బుక్కు మీద సంతకం కూడా పెడతాడు. అక్కడ ఫ్రేములు తుడవడం, అద్దం కోయడం, బేరం చెయ్యడం వస్తుంది. అవీ పనులే, మేం చిన్నచూపు చూడం. కానీ ఏడాది గడిచేసరికి అతను ఒక్క నీటికాసుల కేసు చూడలేదు, ఒక్కసారి కంటి ప్రెషర్ చూడలేదు, ఒక్క పసిబిడ్డ కన్ను పరీక్షించలేదు. సర్టిఫికెట్ మాత్రం పట్నంలో చదివిన వాడితో సమానం. ఇంటర్వ్యూలో చేతికి రెటినోస్కోప్ ఇచ్చిన క్షణంలో ఆ సమానత్వం తేలిపోతుంది. "మీ హాస్టలోళ్ళు ఇంతే" అనే మాట అక్కడ పుడుతుంది. ఆ మాట మేం మా చెవులతో విన్నాం.

ఆడపిల్లల కష్టం ఇంకొకటి. ఆస్పత్రి ఓపీ సాయంత్రం ఆరింటికి అయిపోదు. క్యాంపుకు పోతే తిరిగొచ్చేసరికి రాత్రి తొమ్మిది. హాస్టల్ గేటు అంతకు ముందే మూస్తారు. వార్డెన్ మేడమ్‌ను తప్పుపట్టలేం, ఏమైనా జరిగితే జవాబు చెప్పాల్సింది ఆమే. చివరికి క్యాంపులకు మగపిల్లలు పోతారు, రిజిస్టర్లు రాసే పని ఆడపిల్లలకు పడుతుంది. ఆస్పత్రి నుంచి హాస్టల్‌కు డ్యూటీ చార్టు ముందే పంపి, క్యాంపు బండి ఆడపిల్లలను గేటు దగ్గర దింపి వార్డెన్ చేత సంతకం తీసుకుంటే తీరిపోయే సమస్య ఇది. ఇందుకు జీవో అక్కర్లేదు, ఒక కాగితం, ఒక ఫోను చాలు.

క్యాంపుల గురించి ఇంకొక మాట. కొందరు కాలేజీవాళ్ళు "పేషెంట్లు లేరంటారేమిటి, క్యాంపులకు పంపుతున్నాం కదా" అంటారు. ఒక్క రోజులో రెండు వందల మంది లైను. మనిషికి మూడు నిమిషాలు. పర్యవేక్షించే సారు ఒక్కరు, ఆయన కూడా స్టేజీ మీద అతిథుల పక్కన. అక్కడ విద్యార్థికి వచ్చేది వేగం తప్ప నేర్పు కాదు. పైగా ఆ లైన్లో నిలబడ్డవాళ్ళు ఎవరు? మన తల్లులు, మన తాతలు. పని రాని చేతులకు పేదవాళ్ళ కళ్ళు పలకాబలపాలా? నేర్చుకునేటప్పుడు ఎవరో ఒకరి కన్ను చూడక తప్పదు, ఒప్పుకుంటాం. కానీ ప్రతి కన్నూ విద్యార్థి చూశాక టీచరు కూడా చూడాలి. అలా చూసే క్యాంపులో రెండు వందల మందిని కాదు, నలభై మందిని పిలవాలి. ఫొటోలో జనం తక్కువగా కనిపిస్తారు, అంతే.

చట్టం సంగతికి వద్దాం. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఆప్టోమెట్రిస్టు, ఆప్తాల్మిక్ అసిస్టెంటు, విజన్ టెక్నీషియన్ పేర్లు ఆ చట్టం షెడ్యూలులో ఉన్నాయి. ఆరోగ్య వృత్తి నిపుణుడు అనిపించుకోవాలంటే మూడు నుంచి ఆరేళ్ళలో కనీసం 3,600 గంటల చదువు ఉండాలని చట్టం చెబుతుంది. 2025లో కమిషన్ ఆప్టోమెట్రీకి కొత్త పాఠ్య ప్రణాళిక కూడా తెచ్చింది. పాఠం విన్నాడా లేదా అని కాక పని చేతనవుతుందా లేదా అన్నది చూడాలనేది దాని ఉద్దేశం. కాగితం మీద ఇది మేం అడుగుతున్నదే. కానీ మన కాలేజీల్లో కాగితం నడిచే తీరు మనకు తెలియనిదా? హాజరు పట్టీ నిండితే గంటలు నిండినట్టే.

అందుకని మా మాట ఇది. గంటలు లెక్కపెట్టడం మానేసి కళ్ళు లెక్కపెట్టండి. విద్యార్థి తన చేత్తో చేసి, టీచరు మళ్ళీ సరిచూసి సంతకం పెట్టిన రిఫ్రాక్షన్లు ఎన్ని? మా అనుభవంలో ఐదు వందలకు తక్కువైతే చెయ్యి స్థిరపడదు. అందులో పదేళ్ళలోపు పిల్లలు ఎందరు, అరవై దాటినవాళ్ళు ఎందరు? నీటికాసులు, షుగరు రెటీనా ఎన్ని కేసులు స్వయంగా చూశాడు? లాగ్ బుక్కులో విద్యార్థి తేల్చిన నంబరు ఒక గడిలో, టీచరు తేల్చిన నంబరు పక్క గడిలో ఉండాలి. నెల నెలా ఆ రెండు గడుల మధ్య తేడా తగ్గుతోందో లేదో చూస్తే చాలు, ఏ పరీక్షా అక్కర్లేదు. ఉత్త సంతకాల లాగ్ బుక్కులు చిత్తు కాగితాలతో సమానం.

పేషెంట్లు ఎక్కడ దొరుకుతారంటారా? హైదరాబాద్ మెహదీపట్నం దగ్గర సరోజినీదేవి కంటి ఆస్పత్రిలో పొద్దున ఓపీ లైను చూడండి. విశాఖపట్నం, కర్నూలు ప్రాంతీయ కంటి ఆస్పత్రులు చూడండి. పేషెంట్లు లేక కాదు, కాలేజీకి ఆస్పత్రికి మధ్య సరైన ఒప్పందం లేక మన పిల్లలు ఖాళీగా ఉంటున్నారు. ఒప్పందం అంటే అక్కడ నిలబడి చూడనివ్వడం కాదు, ఓపీలో ఇద్దరు ఇంటర్న్‌లకు ఒక గది, ఒక ట్రయల్ సెట్టు, ఒక గురువు కేటాయించడం. అందువల్ల ఆస్పత్రికి కూడా లాభమే, లైను తొందరగా కదులుతుంది.

ఇంకో చోటు ఉంది. మన హాస్టళ్ళే. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలున్న సంక్షేమ హాస్టళ్ళు జిల్లా జిల్లాకూ ఉన్నాయి. దూరపు చూపు తగ్గడం సాధారణంగా బయటపడేది ఆ వయసులోనే. బోర్డు కనిపించక పక్కవాడి నోట్సు చూసి రాసే పిల్లవాడిని "మొద్దు" అని వెనక బెంచీకి పంపుతారు. వెనక్కి పోయాక బోర్డు అసలే కనిపించదు. మా బ్యాచిలో ఒకరికి తొమ్మిదో తరగతిలో అద్దాలు వచ్చాక లెక్కలు వచ్చాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పిల్లల చూపు కూడా చూస్తాయి, కానీ వాళ్ళకు తలకు మించిన పని. ఆప్టోమెట్రీ మూడో, నాలుగో ఏడాది విద్యార్థులను టీచరు వెంటపెట్టుకుని ఏడాదికి రెండుసార్లు ఈ హాస్టళ్ళకు పంపితే ఏమవుతుంది? హాస్టల్ వరండా ఆరు మీటర్లకు తక్కువ ఉండదు, చార్టు తగిలించడానికి గోడ ఉంది. పిల్లలకు అద్దాలొస్తాయి, విద్యార్థులకు చెయ్యి తిరుగుతుంది. తల్లిదండ్రుల అనుమతి, వార్డెన్ సంతకం, చుక్కల మందు వేసే రోజు కంటి డాక్టరు దగ్గర ఉండటం, ఈ మూడూ తప్పనిసరి. అద్దాలు ఇచ్చి వచ్చెయ్యడం కూడా చాలదు. "సోడాబుడ్డి" అని పిలుస్తారని ట్రంకు పెట్టెలో దాచేస్తారు. నెల తరువాత మళ్ళీ పోయి ముక్కు మీద ఉన్నాయో లేదో చూడాలి. గోడ మీది అంబేద్కర్ ఫొటో చూపించి "బాబాసాహెబ్ పెట్టుకోలేదా?" అంటే చాలామంది పెట్టుకుంటారు. ఇది మేం చేసి చూసిందే.

భాష గురించి చెప్పకుండా ఉండలేం. మన పిల్లలు మొదటి ఏడాది ఇంగ్లీషు చూసి బెదిరిపోతారు. ఆప్టిక్స్ పాఠం అర్థం కాక కాదు, ప్రశ్న అడగడానికి నోరు రాక. దీనికి మొదటి మూడు నెలలు సాయంత్రం గంటసేపు సీనియర్లు కూర్చుని చెబితే చాలు. కానీ పేషెంటు ముందుకు వచ్చాక కథ తిరగబడుతుంది. అక్కడ ఇంగ్లీషు మీడియం పిల్లలు బెదురుతారు. "కంట్ల పువ్వు లేచింది బిడ్డా", "మాపటీలి దీపం సుట్టు రంగులు కనవడుతున్నయి", "పొర వచ్చినట్టు మసక మసకగున్నది", ఈ మాటలు విన్న వెంటనే మనకు అర్థమవుతాయి. దీపం చుట్టూ రంగులంటే నీటికాసులేమోనని అనుమానించి ప్రెషర్ చూడాలి. కంట్లో పువ్వంటే నల్లగుడ్డు మీద మచ్చ. రేచీకటి అంటే ఏ విటమిన్ గురించి అడగాలో మనకు తెలుసు. కేసు షీటు రాయడం అనే పాఠంలో ఈ పల్లె మాటల జాబితా ఎందుకు ఉండకూడదు? వైవాలో పేషెంటు చేత తెలుగులో మాట్లాడించి విద్యార్థి ఏం రాబట్టాడో చూసి మార్కులు ఎందుకు వెయ్యకూడదు? అప్పుడు హాస్టల్ పిల్లవాడికి వచ్చిన విద్య కూడా విద్య కింద లెక్కకు వస్తుంది.

ఫీజుల సంగతి ఈ సంచిక చదివే అందరికీ తెలిసిందే, ఎక్కువ రాయం. రీయింబర్స్‌మెంట్ రాలేదని మార్కుల మెమో ఆపడం, మెమో లేక ఇంటర్న్‌షిప్‌లో చేరడం ఆలస్యం కావడం, ఆ ఆలస్యంతో మంచి ఆస్పత్రిలో ఖాళీలు నిండిపోవడం, ఇదంతా గొలుసు. ప్రభుత్వం కాలేజీకి బాకీ ఉంటే ఆ బాకీకి జామీను విద్యార్థి సర్టిఫికెట్టా? మేం ప్రభుత్వాన్ని అడిగేది రెండే. ఇంటర్న్‌షిప్ ఏడాది కూడా కోర్సులో భాగమే కాబట్టి ఆ ఏడాది శిక్షణ ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి కాలేజీ హాస్టల్‌లో చోటు, మెస్ ఇవ్వాలి. చిన్న స్టైపెండ్‌ను సాకుగా చూపి స్కాలర్‌షిప్ ఆపకూడదు. 1925లోనే బాబాసాహెబ్ పెట్టిన బహిష్కృత హితకారిణి సభ షోలాపూర్‌లో హాస్టల్ తెరిచింది. చదువంటే ఫీజు ఒక్కటే కాదనీ, పడుకోవడానికి చోటు, తినడానికి తిండి కూడా చదువేననీ అప్పుడే తెలిసిన సంగతి. నూరేళ్ళ తరువాత దాన్ని మూడేళ్ళ వరకే గుర్తుంచుకుని నాలుగో ఏడాది మరిచిపోవడం ఏం న్యాయం?

ఉద్యోగాల గురించి కూడా నిజం చెప్పాలి. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలైంది. 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడత మొదలైంది. ఒక్కో విడతలో కోటిన్నర మందికి పైగా కళ్ళు చూశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న అనంతపురంలో బడిపిల్లలతో అలాంటి కార్యక్రమమే మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఆప్టోమెట్రిస్టుల కోసం వెతికారు, మాలో కొందరం పనిచేశాం. విడత అయిపోయింది, పని అయిపోయింది. కళ్ళు మాత్రం విడతల వారీగా చెడిపోవు. యాభై వేల జనాభాకు ఒక విజన్ సెంటర్ ఉండాలన్నది ఎల్.వి.ప్రసాద్ సంస్థ నడిపిన పద్ధతి. ప్రతి మండలంలో ప్రభుత్వమే అలాంటిది పెట్టి శాశ్వత పోస్టు ఇస్తే అద్దాల కోసం జనం పట్నం పోనక్కర్లేదు, మన పిల్లలు షాపుల్లో సేల్స్‌మెన్ కానక్కర్లేదు. ఆ కోరిక ఇవ్వాళే తీరుతుందని మేం అనుకోవడం లేదు. కానీ తీరే రోజు వస్తే పని వచ్చిన వాళ్ళుండాలి కదా.

ప్రభుత్వాన్ని, కాలేజీలను అడగాల్సింది అడిగాం. మనం చెయ్యగలిగింది కూడా కొంత ఉంది. పూర్వ విద్యార్థులం చందాలు వేసుకుని రెండు రెటినోస్కోపులు, ఒక ట్రయల్ సెట్టు, పిల్లల కోసం బొమ్మల చార్టు, చదువు రానివారి కోసం 'ఈ' చార్టు కొన్నాం. వార్డెన్ సార్ గదిలోని బీరువాలో ఉన్నాయి. రిజిస్టర్‌లో పేరు రాసి పదిహేను రోజులకు తీసుకుపోవచ్చు. బల్బు పోతే చెప్పండి, దాచిపెట్టకండి, బల్బులు పోవడం మామూలే. ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున పది గంటలకు మాలో ఇద్దరం హాస్టల్‌కు వస్తాం. మీరు చూసిన కన్ను మేమూ చూస్తాం, రెండు గడుల లాగ్ బుక్కు అక్కడే రాద్దాం. మెహదీపట్నం వైపు ఒక గది అద్దెకు తీసుకున్నాం. ఇంటర్న్‌షిప్‌కు పట్నం వచ్చేవాళ్ళు నలుగురు ఉండవచ్చు, వంట మీరే చేసుకోవాలి. ఆడపిల్లలకు విడిగా చోటు కోసం వార్డెన్ మేడమ్‌తో మాట్లాడుతున్నాం, అది ఇంకా కుదరలేదు. పూర్వ విద్యార్థుల్లో హైదరాబాద్‌లో ఇల్లున్న అక్కలు ఎవరైనా సంచిక కమిటీకి కబురు చేస్తే ఈ ఏడాది పోవలసిన ఇద్దరు చెల్లెళ్ళు ఆగకుండా పోగలుగుతారు.

- ఆప్టోమెట్రీ చదివిన పూర్వ విద్యార్థులు